మానేసిన మందు మళ్లీ మొదలయ్యేది ఎక్కడ?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటిని ఒకచోట చేర్చి జవాబిస్తున్నాను. నలుగురివీ వేర్వేరు జీవితాలే అయినా, అందరినీ వేధిస్తున్నది ఒకటే సమస్య: ఎంతో కష్టపడి మద్యం మానేసిన మనిషి, అంతా సర్దుకుంటున్న వేళ మళ్లీ దాని దగ్గరికే ఎందుకు వెళతాడు? కేంద్ర ప్రభుత్వం కోసం ఢిల్లీ ఎయిమ్స్ నిర్వహించి 2019లో వెలువరించిన జాతీయ సర్వే, మద్యం వల్ల హానికి గురవుతున్నవారు, దానికి బానిసలైనవారు కలిపి దేశంలో 5.7 కోట్ల మందికి పైగా ఉన్నారని లెక్క తేల్చింది. కాబట్టి ఈ ఉత్తరాలు రాసినవారు లోకంలో తమకొక్కరికే ఈ గతి పట్టిందని అనుకోనక్కర్లేదు.

ప్రశ్న: నా వయసు 38. ఖమ్మం జిల్లాలో కరెంటు పనుల కాంట్రాక్టులు చేస్తుంటాను. పన్నెండేళ్లు తాగాను. ఆసుపత్రిలో ఉండి వైద్యం చేయించుకున్నాక ఎనిమిది నెలలు చుక్క ముట్టలేదు. ఇంట్లో నమ్మకం కుదిరి, నా భార్య బీరువా తాళాలు మళ్లీ నా చేతికిచ్చింది. ఒక అపార్టుమెంటు మొత్తం వైరింగు పని దొరికింది, అడ్వాన్సు కూడా చేతికొచ్చింది. మనసులో ఏ దిగులూ లేదు. పని ఎక్కువై ఆదివారం ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానేసినవారు ఒకరికొకరు తోడుండే సంఘం) సమావేశానికి వెళ్లడం అప్పటికే మానేశాను, బాగానే ఉన్నాను కదా అని మాత్రలూ ఆపేశాను. అడ్వాన్సు వచ్చిన రోజు మధ్యాహ్నం అన్నం తినకుండా స్విచ్చుబోర్డుల సామాను కొనడానికి బయలుదేరి, ఎప్పుడూ కొనే షాపుకు కాకుండా, ధర కాస్త తక్కువని బస్టాండు వెనక షాపుకు వెళ్లాను. దాని పక్కనే వైన్స్ ఉంది. ఒక క్వార్టరు తాగాక, ఎలాగూ పోయింది కదా అనిపించి పదకొండు రోజులు తాగుతూనే ఉన్నాను. ఇప్పుడు మళ్లీ మానేసి నెల అవుతోంది. ఇదివరకు రెండుసార్లు కూడా ఇలాగే, బాగుపడే సమయానికి నా చేతులతో నేనే చెడగొట్టుకున్నాను. ఇది జబ్బా, లేక నా బుద్ధే ఇంతా?

జవాబు: మీ చివరి మాటకు ముందుగా జవాబు చెబుతాను. మద్యానికి బానిస కావడం జబ్బే. ఏళ్ల తరబడి తాగినవారి మెదడులో కోరికను రేపే వ్యవస్థ, దాన్ని అదుపుచేసే వ్యవస్థ రెండూ మారిపోతాయి. మానేసిన తర్వాత నిద్ర, కోపతాపాలు, ఉత్సాహం కుదుటపడటానికి నెలలు పడుతుంది. 2000 సంవత్సరంలో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన ఒక సమీక్ష, మత్తు వ్యసనాలకు వైద్యం పొందినవారిలో 40 నుంచి 60 శాతం మందికి ఏడాదిలోగా సమస్య తిరగబెడుతోందని, రక్తపోటు, ఉబ్బసం ఉన్నవారిలో అది 50 నుంచి 70 శాతం దాకా ఉంటోందని చూపించింది. మాత్రలు ఆపేసి బీపీ పెంచుకున్న మనిషిని 'నీ బుద్ధే అంత' అని ఎవరూ అనరు. అయితే జబ్బు అన్నంత మాత్రాన మీ చేతిలో ఏమీ లేదని కాదు. బీపీ ఉన్నవారు ఉప్పు తగ్గించుకోవడం, మాత్ర మరచిపోకుండా వేసుకోవడం ఎలా వారి బాధ్యతో, ఇందులోనూ మీరు చేయవలసిన పని, చేయగలిగిన పని చాలా ఉంది.

ఇప్పుడు మీ ఉత్తరాన్ని మీరే మరోసారి నిదానంగా చదవండి. సమావేశానికి వెళ్లడం మానేశారు, మాత్రలు ఆపేశారు, మధ్యాహ్నం భోజనం చేయలేదు, అలవాటైన షాపు వదిలి మరో షాపుకు వెళ్లారు. ఈ నాలుగింటినీ మామూలు సంగతుల్లా ఒక్కొక్క వాక్యంలో చెప్పి ముందుకు సాగిపోయారు. వీటిలో ఏదీ 'తాగుదాం' అనే నిర్ణయం కాదు. ప్రతిదానికీ ఎవరూ కాదనలేని కారణం ఉంది: పని నిజంగానే ఎక్కువైంది, ఆరోగ్యం నిజంగానే బాగుంది, ఆ షాపులో ధర నిజంగానే తక్కువ. కానీ నాలుగింటినీ వరసగా పెట్టి చూస్తే, వాటి చివర వైన్స్ గుమ్మం కనబడుతుంది. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన మనస్తత్వవేత్త అలన్ మార్లాట్ ఈ తిరగబెట్టడం గురించే జీవితాంతం పరిశోధించారు. పైకి తాగుడుతో సంబంధమే లేనట్టు కనబడే ఇలాంటి చిన్న చిన్న నిర్ణయాలను పట్టుకోవడం చికిత్సలో ముఖ్యభాగమని ఆయన చెప్పారు. తాగాలన్న కోరిక తన సొంత పేరుతో వస్తే మీలాంటి పట్టుదల గలవారు తలుపు తీయరు. అందుకే అది ధర లెక్కగానూ, తీరిక లేకపోవడంగానూ వేషం మార్చుకుని వస్తుంది. ఆ రోజు మీరు ఓడిపోయింది క్వార్టరు సీసా చేతిలోకి తీసుకున్నప్పుడు అని మీరనుకుంటున్నారు. నా దృష్టిలో అప్పటికి ఆలస్యమైపోయింది. ఆపడం తేలికగా సాధ్యమయ్యే చోటు అంతకు రెండు మూడు వారాల ముందు, మొదటి ఆదివారం సమావేశం తప్పినప్పుడు ఉంది.

మరి అంతా బాగున్నప్పుడే ఎందుకు? ఇది చాలామందిని కలవరపెట్టే ప్రశ్న, ఎందుకంటే దుఃఖం వచ్చి తాగితే కనీసం ఒక కారణం చెప్పుకోవచ్చు. మీ విషయంలో నాకు మూడు కారణాలు కనబడుతున్నాయి. మొదటిది, మన దగ్గర సంతోషానికీ మందుకూ ముడి వేసి పెట్టుకున్నాం. రిజిస్ట్రేషను అయినా సిట్టింగే, బోరులో నీళ్లు పడినా సిట్టింగే, స్లాబు వేసిన సాయంత్రం మేస్త్రీలకు, కూలీలకు మందు ఇప్పించడం ఆనవాయితీ. పన్నెండేళ్ల పాటు ప్రతి అడ్వాన్సునూ మందుతోనే పండగ చేసుకున్న మెదడుకు, నోట్ల కట్ట చేతిలో పడటమే ఒక పిలుపు. రెండోది, దీర్ఘకాలం కష్టంలో ఉన్నప్పుడు మనిషి కాపలా కాస్తాడు. గండం గడిచిందనుకోగానే కాపలా ఎత్తేస్తాడు. మీరు మాత్రలు ఆపేసింది కష్టకాలంలో కాదు, బాగున్నప్పుడే అన్నది గమనించండి.

మూడోది కాస్త లోతైనది. నన్ను చూడటానికి వచ్చేవారు దీన్ని గొంతు తగ్గించి చెబుతారు. నమ్మకం తిరిగి దొరకడం ఎంత ఆనందమో అంత బరువు. భార్య తాళాలు చేతికిచ్చిన రోజు నుంచి 'మళ్లీ తాగితే ఈమె ముఖం ఎలా చూడాలి' అనే భయం లోపల పనిచేయడం మొదలుపెడుతుంది. ఎప్పుడో ఒకనాడు పడిపోతానేమోనని ప్రతిరోజూ భయపడుతూ బతకడం కంటే, ఇవాళే పడిపోతే ఆ భయమైనా తీరిపోతుందని మనసు ఒక తప్పుడు లెక్క వేస్తుంది. దానికి తోడు, ఏళ్ల తరబడి 'వీడు ఎందుకూ పనికిరాడు' అన్న మాట విని విని, ఆ మాటే తన అసలు పేరు అని నమ్మిన మనిషికి, మంచిపేరు వేరేవాళ్ల చొక్కా తొడుక్కున్నట్టు ఇబ్బందిగా ఉంటుంది. మీరు 'నా చేతులతో నేనే చెడగొట్టుకుంటున్నాను' అంటున్నది దీన్నే అయివుండవచ్చు. దీనికి విరుగుడు ఆ భయాన్ని లోపల దాచుకోకపోవడమే. 'తాళాలు ఇచ్చావు, సంతోషంగా ఉంది, భయంగానూ ఉంది' అని మీ భార్యతో అనగలిగితే ఆ బరువు సగం ఆమె పంచుకుంటుంది. ఆ మాట అన్నందువల్ల ఆమెకు మీ మీద నమ్మకం తగ్గదు.

ఇక ఆ పదకొండు రోజుల సంగతి. మొదటి క్వార్టరుకూ మిగతా పదకొండు రోజులకూ మధ్య ఒక వాక్యం ఉంది, అది మీరే రాశారు: 'ఎలాగూ పోయింది కదా'. మార్లాట్ తన పరిశోధనలో అన్నిటికంటే ఎక్కువగా హెచ్చరించింది ఈ ఆలోచన గురించే. ఒకసారి కాలు జారడం వేరు, పాత బతుకులోకి తిరిగి వెళ్లిపోవడం వేరు. మొదటిదాన్ని రెండోదిగా మార్చేది మద్యం ఒక్కటే కాదు, తాగిన వెంటనే మనిషి తన మీద తాను చెప్పుకునే తీర్పు. తాగినందుకు కలిగిన సిగ్గును భరించలేక, ఆ సిగ్గును మరిచిపోవడానికే మళ్లీ తాగుతారు. ఎనిమిది నెలలు మీరు సంపాదించుకున్నది ఒక క్వార్టరుతో రద్దు కాదు. నిద్ర పట్టని రాత్రులు ఎలా గడపాలో, పెళ్లి విందులోంచి ఎలా లేచి రావాలో మీరు నేర్చుకున్నారు, అదంతా మీ దగ్గరే ఉంది.

అందుకే కాలు జారాక వచ్చే ఆ మొదటి గంట కోసం ముందే ఒక పద్ధతి అనుకుని, మీరూ మీ భార్యా కలిసి కాగితం మీద రాసి పెట్టుకోండి. తాగడం జరిగితే మిగిలింది పారబోయాలి, ఆ చోటు వదిలి రావాలి, బండి నడపకూడదు, ముందే అనుకున్న ఒక మనిషికి ఫోను చేసి 'తాగాను, వచ్చి తీసుకెళ్లు' అని అంతవరకే చెప్పాలి, ఇంటికి వచ్చి ఏదైనా తిని పడుకోవాలి. ఆ రాత్రి ఎవరూ ప్రశ్నలు వేయకూడదు, ఎవరూ ప్రమాణాలు చేయకూడదు, మాట్లాడుకోవడం మర్నాడు. మర్నాడే డాక్టరును కలవాలి. రోజుల తరబడి తాగితే మాత్రం ఇంట్లోనే ఒక్కసారిగా ఆపేసే సాహసం చేయవద్దు. మళ్లీ మళ్లీ తాగి మళ్లీ మళ్లీ ఆపేవారిలో ప్రతిసారికీ ఫిట్స్ ప్రమాదం పెరుగుతుంది.

మాత్రల విషయంలో స్పష్టంగా ఉండండి. నాల్ట్రెక్సోన్ మద్యం ఇచ్చే హాయిని తగ్గిస్తుంది, అకాంప్రోసేట్ మానేసిన తర్వాత మెదడులో ఉండే అలజడిని సర్దుతుంది. వీటిని మామూలుగా ఆరు నెలల నుంచి ఏడాది వరకు, అవసరాన్ని బట్టి ఇంకా ఎక్కువకాలం వాడతారు. ఎప్పుడు ఆపాలో చెప్పవలసింది వైద్యుడే గానీ, 'బాగానే ఉన్నాను' అనే భావన కాదు, ఎందుకంటే ఆ బాగుండటంలో మాత్రల వంతు కూడా ఉంది. వృత్తిపరంగా రెండు మార్పులు చేసుకోండి. అడ్వాన్సులు నగదుగా తీసుకోకుండా మీ ఇద్దరి పేరున్న ఖాతాలోకి వేయించుకోండి. ఇది శిక్ష కాదు, పిలుపు వినబడే చోటికి దూరంగా ఉండటం. స్లాబు రోజున కూలీలకు మందు బదులు అంత డబ్బూ చేతికిచ్చి, చీకటి పడకముందే సైటు నుంచి బయటపడండి. ఇక కోరిక పుట్టినప్పుడు దానితో వాదించకండి. అది అలలాగా లేచి, చాలామందిలో అరగంటలోపే తగ్గుముఖం పడుతుంది; ఆ అరగంట మరొకరి పక్కన ఉండి, కడుపు నిండా తిని గడపగలిగితే చాలు. ఏఏ సభ్యులు ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట అనే నాలుగింటినీ జాగ్రత్తగా చూసుకోమంటారు. మీ ఉత్తరంలోని ఆ రోజున ఆకలి, అలసట, ఒంటరితనం మూడూ ఉన్నాయి.

ప్రశ్న: మాది నిజామాబాద్ జిల్లా. మా ఆయన కల్లుతో మొదలుపెట్టి మందుకు వచ్చారు. నాలుగు నెలలుగా మానేశారు. కానీ నాకు నమ్మకం కుదరడం లేదు. ఇంటికి రాగానే నోరు వాసన చూస్తాను, జేబులు వెతుకుతాను. ఈమధ్య ఆయనే చిన్న మాటకు పెద్ద గొడవ పెట్టుకుని, విసురుగా బయటికి వెళ్లిపోతున్నారు. రెండుసార్లు తాగి వచ్చారు, 'నువ్వే తాగించావు' అన్నారు. తెలియకుండా కూరలో కలిపితే మందు మానేసే మాత్ర ఉందని మా వాడకట్టులో ఒకామె చెప్పింది. కలపమంటారా?

జవాబు: వద్దమ్మా, ఎట్టి పరిస్థితిలోనూ కలపవద్దు. మీరు విన్న మాత్ర సాధారణంగా డైసల్ఫిరామ్. 1940ల చివర డెన్మార్క్‌లో దీని గుణం బయటపడింది. మన శరీరంలో మద్యం విరిగేటప్పుడు మధ్యలో అసిటాల్డిహైడ్ అనే విషపదార్థం తయారవుతుంది. మామూలుగా అది వెంటనే విరిగిపోతుంది, ఈ మాత్ర అలా విరగనీయదు. దాంతో తాగిన కొద్దిసేపటికే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, ఒక్కోసారి రక్తపోటు ప్రమాదకరంగా పడిపోతుంది. గుండె జబ్బు, కాలేయ జబ్బు ఉన్నవారికి ప్రాణం మీదికి రావచ్చు. చివరి మాత్ర వేసుకున్న తర్వాత కూడా రెండు వారాల వరకు ఈ ప్రభావం ఉండవచ్చు. ఇదంతా తెలిసి, ఒప్పుకుని, డాక్టరు పరీక్షలు చేసి రాసిచ్చాక, రోజూ పొద్దున భార్య ఎదుట వేసుకునే మనిషికి ఇదే మాత్ర చక్కగా పనిచేస్తుంది, ఎందుకంటే పొద్దున ఒక్క నిర్ణయం తీసుకుంటే ఆ రోజంతా మళ్లీ మళ్లీ తీసుకోనక్కర్లేదు. తెలియకుండా ఇస్తే మాత్రం అది విషప్రయోగం వంటిదే. ఏదో ఒక రోజు బయటపడ్డాక, ఇక మీరు పెట్టిన అన్నం కూడా ఆయన నమ్మరు. పేరు లేని పొడులు అమ్మేవారి దగ్గరికి అసలే వెళ్లకండి. అందులో ఏముందో కలిపే మీకు గానీ, చికిత్స చేయవలసిన డాక్టరుకు గానీ తెలియదు.

గొడవల గురించి మీరు గమనించింది సరైనది. తాగాలన్న కోరిక బలపడినప్పుడు మనిషికి ఒక కారణం కావాలి, ఇంట్లో గొడవ అన్నిటికంటే తేలికగా దొరికే కారణం. ఆయన పథకం వేసుకుని ఇలా చేస్తున్నారని నేను అనను. చాలామందికి తాము చేస్తున్నది తమకే తెలియదు. కానీ 'నువ్వే తాగించావు' అన్న మాటను మీరు మోయవలసిన పనిలేదు. తాగించడం మీ వల్ల జరగలేదు, మాన్పించడం కూడా మీ ఒక్కరి వల్ల జరిగేది కాదు. గొడవ మొదలవుతున్నట్టు అనిపించగానే, గెలవాలనే ప్రయత్నం వదిలి, 'ఇది రేపు మాట్లాడుకుందాం, ముందు అన్నం తిను' అని అంతటితో ఆపండి. ఆయన ప్రశాంతంగా ఉన్న ఒక ఉదయం చూసి, 'ఈ పదిరోజులుగా నీకు చిరాకు ఎక్కువైంది, నిద్ర సరిగా లేదు, నాకు భయంగా ఉంది, డాక్టరు దగ్గరికి ఇద్దరం వెళ్దాం' అని, చూసింది చూసినట్టు చెప్పండి. జేబులు వెతకడం వల్ల మీకు నిజం తెలియదు, ఆయనకు దాచడం మరింత బాగా అలవాటవుతుంది. దానికి బదులు నెలకోసారి ఆసుపత్రికి ఇద్దరూ కలిసి వెళ్లడం, ఏం జరిగిందో ఇద్దరూ డాక్టరు ఎదుటే చెప్పుకోవడం ఒక ఒప్పందంగా పెట్టుకోండి.

కల్లు సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పండి. తెలంగాణలో చాలాచోట్ల కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలుపుతారు. అలాంటి కల్లు తాగినవారు నిజానికి రెండు మత్తులకు అలవాటుపడి ఉంటారు; ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్, మతిభ్రమ రావచ్చు. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు మూతపడగానే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి ఇలాంటివారు ఎంతోమంది రావలసివచ్చింది. ఆయన నిద్రలేమికీ, చిరాకుకూ మూలం ఇందులో ఉండవచ్చు. మీ జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంటుంది. వెళ్లేలోగా మాట్లాడాలంటే వ్యసన విముక్తికి 14446, మానసిక ఆరోగ్యానికి టెలీ మానస్ 14416, రెండూ ఉచితం. గొడవల్లో ఆయన చేయి చేసుకుంటుంటే అది తాగుడు సమస్యలో భాగమని సర్దుకుపోకండి, మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోను చేయండి.

ప్రశ్న: గుంటూరు నుంచి రాస్తున్నాను. ఏటా అయ్యప్ప మాల వేసుకుంటాను. 41 రోజులు మందు వాసన కూడా పడదు. శబరిమల నుంచి వచ్చి మాల తీసిన రాత్రే మళ్లీ మొదలవుతుంది, ఇంకా ఎక్కువ తాగుతాను. కావాలనుకుంటే 41 రోజులు ఆగగలుగుతున్నాను కాబట్టి నేను బానిసను కానట్టే కదా?

జవాబు: ఆగగలగడం బానిస కాకపోవడానికి రుజువు కాదు. ఆగిన తర్వాత ఏం జరుగుతున్నదన్నదే రుజువు, అది మీరే రాశారు: మాల తీసిన రాత్రే, మునుపటి కంటే ఎక్కువగా. అయినా మీ ఉత్తరం నాకు సంతోషం కలిగించింది, ఎందుకంటే మీకు పనిచేసే చికిత్స ఏదో మీకు ఏటా తెలుస్తూనే ఉంది. దాన్ని విడదీసి చూడండి.

మాల వేసుకున్న రోజున మీరు మానేసిన సంగతి ఊరందరికీ తెలుస్తుంది. నల్లబట్టలు చూసి తాగే మిత్రులు కూడా మిమ్మల్ని 'స్వామీ' అని పిలుస్తారు, పొరపాటున కూడా గ్లాసు చాపరు. తెల్లవారకముందే లేచి చన్నీళ్ల స్నానం చేస్తారు కాబట్టి రాత్రి పెందలాడే నిద్ర పడుతుంది. వేళకు భిక్ష, వేళకు అల్పాహారం ఉంటాయి. అన్నిటికంటే ముఖ్యంగా, మామూలుగా మీరు తాగే సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది మధ్య సమయం పూజతో, భజనతో, పదిమంది స్వాముల మధ్య గడిచిపోతుంది. కష్టమనిపిస్తే అడగడానికి గురుస్వామి ఉన్నారు. అంటే ఒక మంచి చికిత్సా కేంద్రం ఇవ్వగలిగిన క్రమశిక్షణ, తోడు, గౌరవం మూడూ మీకు దీక్షలో దొరుకుతున్నాయి. మాల తీసిన రోజున ఇవన్నీ ఒక్క పూటలో పోతాయి. మిగిలేది ఖాళీ సాయంత్రం, మీ కోసం ఎదురుచూస్తున్న మిత్రులు, 'ఇన్నాళ్లు నిష్ఠగా ఉన్నాను, ఇవాళ ఒక్కరోజు ఏమవుతుందిలే' అన్న మాట. పైగా తిరిగి వచ్చే రోజు మీకు మొదటి నుంచీ తెలుసు, కాబట్టి ఆ 41 రోజులూ మీ మనసులో ఒక మూల ఆ రాత్రి కోసం లెక్క జరుగుతూనే ఉంటుంది. మీరు మందును మానేయడం లేదు, వాయిదా వేస్తున్నారు.

ఈసారి శబరిమల బయలుదేరకముందే 42వ రోజు సాయంత్రం ఎక్కడ, ఎవరితో ఉంటారో నిర్ణయించుకోండి. మీ గురుస్వామికి విషయం చెప్పండి. ఆ తర్వాత కూడా వారానికోసారి భజనకు రమ్మని ఆయనే అంటారని నా నమ్మకం. తెల్లవారుజామున లేవడం, వేళకు తినడం, సాయంత్రాలు నలుగురి మధ్య గడపడం మాలతో పాటు తీసేయవలసిన నియమమేమీ లేదు. మిత్రులకు మాల తీసే ముందే చెప్పండి, తీసిన తర్వాత చెప్పడం కష్టం.

మీలాంటి ఇతరులకు ఒక హెచ్చరిక కూడా చేయాలి. రోజూ తాగుతూ, పొద్దున చేతులు వణికి, ఒక పెగ్గు పడితేనే వణుకు తగ్గేవారు మాల పేరుతో ఉన్నపళంగా మానేయకూడదు. ఆపిన 6 నుంచి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు, రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య లేనివి కనబడటం, వినబడటం, మనుషుల్ని గుర్తుపట్టలేకపోవడం మొదలుకావచ్చు. దీన్ని పూనకమనో, అపచారమనో అనుకుని ఇంట్లో కూర్చోబెడితే ప్రాణం పోవచ్చు. వారు ముందు ఆసుపత్రిలో వారం పదిరోజులు ఉండి, వణుకు తగ్గే మందులు, బి1 విటమిన్ ఇంజెక్షన్లు తీసుకుని, శరీరం కుదుటపడ్డాక మాల వేసుకోవడం మంచిది.

ప్రశ్న: హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. ఒకప్పుడు మానేసే ప్రయత్నంలో ఫిట్స్ వచ్చాయి. ఇప్పుడు మానేసి రెండేళ్లయింది. ఇప్పుడైనా ఏ ఆరునెలలకో ఒక బీరు తాగవచ్చా? పోనీ ఆల్కహాల్ లేని బీరైనా? వచ్చే నెల కాలేజీ మిత్రులు గోవా ట్రిప్పు పెట్టుకున్నారు, అందరూ తాగేవారే.

జవాబు: తాగవద్దు. తాగడం ఆపితే ఫిట్స్ వచ్చేంత దూరం వెళ్లినవారిలో, తర్వాత పరిమితంగా తాగుతూ నిలదొక్కుకున్నవారు చాలా అరుదు. మొదటి ఒకటి రెండు సార్లు పరిమితంగానే ఉంటుంది, ఆ నమ్మకమే మూడోసారికి దారి తీస్తుంది. ఆల్కహాల్ లేనిదని అమ్మే బీరులో కూడా 0.5 శాతం లోపు ఆల్కహాల్ ఉండవచ్చు. డైసల్ఫిరామ్ వాడేవారికి అది కూడా పనికిరాదు. మీరు ఆ మాత్ర వాడకపోయినా, అదే రుచి, అదే వాసన, అదే నురుగు మెదడుకు పాత దారిని గుర్తుచేస్తాయి. రెండేళ్లు దూరంగా పెట్టినదాన్ని మళ్లీ నాలుకకు పరిచయం చేయడానికి మంచి కారణమేదీ మీ ఉత్తరంలో నాకు కనబడలేదు.

రెండేళ్లపాటు రాని ప్రశ్న ట్రిప్పు ఖరారయ్యాకే వచ్చిందా, లేక ప్రశ్న వచ్చాకే ట్రిప్పుకు ఒప్పుకున్నారా అన్నది మీరు ఆలోచించి చూడండి. మొదటి జవాబులో నేను చెప్పిన, సంబంధం లేనట్టు కనబడే నిర్ణయం ఇదే కావచ్చు. ఈసారి గోవా మానుకోండి. మిత్రుల్ని వదులుకోమని కాదు. వాళ్లు తిరిగి వచ్చాక ఒక ఆదివారం మధ్యాహ్నం ఇంటికి భోజనానికి పిలవండి. కారణం అడిగితే 'నేను మానేశాను, అక్కడ నాకు కష్టమవుతుంది' అని ఒకే మాట చెప్పండి. లివరు బాగాలేదనో, మాత్రలు వాడుతున్నాననో అబద్ధం చెబితే, 'తగ్గాక తాగుదువులే' అని వాళ్లు వాయిదా వేస్తారే గానీ వదలరు. టికెట్టు ఇప్పటికే కొని ఉంటే, రద్దు చేసుకోవడానికి గడువు ఎప్పటివరకో ఇవాళే చూసుకోండి.